మా నాన్న చెవులు

మా నాన్న చెవిటివాడు కాడు. ఈ ముక్క పైకి అనడానికి ఆయన పోయేదాకా ఆగాల్సి వచ్చింది. మా కొండ వీధిలో అందరూ ఆయన్ని చెవిటి డ్రైవరు అనే అనేవారు. అసలు సంగతి వాళ్ళలో సగం మందికి తెలుసు. తెలిసినవాళ్ళే ఆయనతో మరీ గట్టిగా అరిచి మాట్లాడేవారు. అదో సాయం అనుకునేవారు పాపం. నాకు మాత్రం ఆ అరుపులు వింటే ఒళ్ళు మండేది.

ఆయన విశాఖ రేవులో టగ్గులు నడిపే ఒక కంపెనీలో ఇంజను డ్రైవరు. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, కాబట్టి పేరుతో పని లేదు. టగ్గంటే పెద్ద ఓడల్ని సముద్రంలోంచి ఛానెల్లోకి, అక్కణ్ణుంచి ఓడ కట్టే బెర్తు దాకా లాక్కొచ్చే బలమైన చిన్న నావ. దాన్ని నడిపించే సారంగు పైన నిలబడతాడు. ఆయనకి నీళ్ళూ కనపడతాయి, కొండా కనపడుతుంది, వెనకాల ఓడా కనపడుతుంది. ఇంజను డ్రైవరు మాత్రం కింద అరలో ఉంటాడు. అక్కడ నూనె వాసనా, వేడీ తప్ప ఏమీ ఉండవు. పైనుంచి గంట మోగుతుంది, దాన్ని బట్టి ఇంజను పెంచాలి, తగ్గించాలి, వెనక్కి తిప్పాలి. ఇంజనుకి ఒంట్లో బాగోకపోతే అది చేసే చప్పుడులోనే పట్టుకోవాలి. మొత్తం చెవి మీద నడిచే పని.

ఆ అరలో దిగినవాళ్ళు చాలామంది ఎప్పుడెప్పుడు పైకొచ్చి పడదామా అని చూసేవారు. మా నాన్నకి మాత్రం అక్కడే ప్రాణం. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, "ఇయ్యాల దాని గొంతు బాగునేదే" అనేవాడు దిగులుగా. మా అమ్మ చారు పోస్తూ, "నాను మొన్నట్నుంచీ దగ్గుతన్నాను. అది ఇనపళ్ళేదేటి నీకు?" అనేది. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. మా ఇల్లు పాత ఊళ్ళో కొండెక్కే మెట్ల దారి పక్కన ఉండేది. అక్కణ్ణుంచి రేవు కనపడదు గానీ కూతలన్నీ వినపడతాయి. ఏ టగ్గు కూత వేసినా, అన్నం తింటున్నా గడ్డం గీసుకుంటున్నా, ఆయన తల అటు తిరిగేది. తిరిగినట్టు ఆయనకే తెలిసేది కాదు.

ఆ కంపెనీలో ఒక ఆనవాయితీ ఉండేది. రిటైరవడానికి ఇంకా కొన్నేళ్ళు ఉండగానే ఎవరికైనా జబ్బు చేసి పనికి రాకుండా పోతే, డాక్టరు చూసి అన్‌ఫిట్ అని రాస్తే, ఆ ఇంటి కొడుక్కి ఉద్యోగం ఇచ్చేవారు. పెట్టినవాళ్ళు మంచి మనసుతోనే పెట్టారు. మా వీధికొచ్చేసరికి అది వేరే వేషం కట్టింది. కొడుక్కి మీసాలు రాగానే తండ్రికి ఏ జబ్బు బాగుంటుందా అని ఇంట్లో మాటలు మొదలయ్యేవి. పండక్కి బట్టలు ఎంచినట్టు జబ్బు ఎంచేవారు. ఒకాయన నడుము పడిపోయిందన్నాడు. ఒకాయన సాయంత్రమైతే కళ్ళు కనపడవన్నాడు. ఇందులో మెలిక ఏమిటంటే, ఏ జబ్బు మీద బయటికొచ్చాడో ఆ జబ్బుతోనే మనిషి చచ్చేదాకా బతకాలి. ఓర్వలేనివాడెవడో ఒక ఆకాశరామన్న ఉత్తరం పడేశాడంటే కంపెనీవాళ్ళు చూడ్డానికి వస్తారు. నడుము పడిపోయినాయన ఒకరోజు వానొచ్చేలా ఉందని ఇంటిమీదకెక్కి పెంకులు సర్దుకున్నాడు. కొడుకు ఉద్యోగం ఊడింది. ఆ తర్వాత ఆ ఇంట్లో తండ్రీ కొడుకూ మాట్లాడుకోగా మేమెవరమూ చూడలేదు.

ఇంకో తమాషా కూడా ఉంది. ఆ ఇంజను అరల్లో పనిచేసి నిజంగానే చెవులు పోయినవాళ్ళు కొందరుండేవారు. వాళ్ళ పిల్లలు ఇంకా బళ్ళో చదువుతుండేవారు. అంచేత వాళ్ళు అన్నీ వినపడుతున్నట్టు తలాడిస్తూ, పక్కవాడి మొహం చూసి నవ్వుతూ పనిలో నెట్టుకొచ్చేవారు. చెవులున్నవాడు లేనట్టు, లేనివాడు ఉన్నట్టు. అదీ మా వీధి.

ఇక నా సంగతి. డెబ్బైల చివర్లో నేను ద్వారకా నగర్‌లో బోర్డులు రాసేవాణ్ణి. ఇంటర్ తప్పాక ఊరికే తిరుగుతూ ఒక షాపు ముందు ఆగాను. గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన అక్కడ రేకు మీద అక్షరాలు దిద్దుతున్నాడు. ఆ మధ్యాహ్నమంతా అక్కడే నిలబడిపోయాను. సాయంత్రం ఆయన తలెత్తి, "ఏం అబ్బాయ్, కాళ్ళు నొప్పెట్టట్లేదా? ఆ దారం చివర పట్టుకో" అన్నాడు. సుద్ద రాసిన దారాన్ని చెరో చివరా బిగబట్టి వేలితో లాగి వదిలితే రేకు మీద తెల్లటి గీత పడుతుంది. ఆ గీత మీద అక్షరాలు నిలబడతాయి. నా బతుక్కి దొరికిన మంచి గీత అదొక్కటే అనిపిస్తుంది ఇప్పుడు.

ఆయన్ని అందరూ మాస్టారు అనేవారు. చెయ్యి పట్టుకుని నేర్పాడు. సున్నా చుట్టేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదనేవాడు. "నువ్వు బిగుసుకుంటే అక్షరం బిగుసుకుంటుందోయ్" అనేవాడు. టైపు ఇన్‌స్టిట్యూట్లు, ట్యుటోరియల్ కాలేజీలు, బట్టల కొట్లు, హోటళ్ళు, అన్నీ మా చేతి మీదే లేచాయి. ఒకసారి తగరపువలసలో ఒక బట్టల కొట్టుకి పెద్ద బోర్డు రాశాను. మాస్టారు ముట్టుకోకుండా మొత్తం నేనొక్కణ్ణే రాసిన మొదటి బోర్డు. దాన్ని కట్టేశాక రోడ్డుకి అవతల నిలబడి చూశాను. సంతకొచ్చిన ఒక ముసలాయన ఆగి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని పేరంతా చదివి, తలాడించి వెళ్ళిపోయాడు. ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ భోంచెయ్యలేదన్న సంగతే మర్చిపోయాను. చేసిన పని చూసుకుంటే కడుపు నిండుతుందని నాకు తెలిసింది అప్పుడే.

ఇలా ఉండగా మా బావ దిగాడు. మా అక్కని అప్ప అంటాం, ఆవిడ మొగుడు. ఆయనా ఆ కంపెనీలోనే స్టోర్సులో పనిచేసేవాడు, యూనియన్‌లో తిరిగేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరికి ఏం కావాలో వాళ్ళకంటే తనకే బాగా తెలుసునని నమ్మే రకం. ఆయన ఒక సాయంత్రం నన్ను టీకొట్టుకి లాక్కుపోయాడు.

"ఒరే బామ్మర్దీ, మావకి ఓపిక అయిపోనాదిరా. ఆ ఏడిలో ఉండనేకపోతన్నాడు. పెద్దోడు కదా, నీతో సెప్పుకోనేడు. అన్‌ఫిట్ అయిపోతే ఆయనకి సుకం, నీకు పెర్మనెంటు. నువ్వు ఊఁ అంటే సాలు."

"నాకు పనుంది కదా బావా" అన్నాను.

"అదేటి పనిరా? రేకులకి రంగులు పుయ్యడం. రేపు నీకు పిల్లనెవడిస్తాడు?"

ఆ మాట నాకేమీ తగల్లేదు. తగిలింది ముందు మాట. ఆ తర్వాత వారం రోజులు నాన్ననే చూశాను. మెట్లెక్కి వచ్చి అరుగు మీద కూలబడితే ఓపిక అయిపోయిందనుకున్నాను. చెమట తుడుచుకుంటే అయ్యో అనుకున్నాను. మనిషికి ఒక మాట చెప్పి పంపిస్తే చాలు, కళ్ళకి ఆ మాటే కనపడుతుంది.

ఒక ఆదివారం నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు. "నీకు సమ్మతవేనేటి?"

"సమ్మతమే నాన్నా" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూసి తలూపాడు. గట్టిగా ఊపిరి వదిలాడు. బరువు దిగిందనుకున్నాను నేను. అంతే, ఆ పూటతో మా ఇద్దరి పనీ అయిపోయింది.

జబ్బు చెవుడని తేల్చారు. తేల్చింది బావే. ఇంజను డ్రైవరుకి చెవుడంటే ఎవరూ అనుమానించరట. ఇక ఇంట్లో అలవాటు చెయ్యడం మొదలైంది. నాన్న గోడవైపు తిరిగి కూర్చుంటే అమ్మ వెనకనుంచి ఇత్తడి పళ్ళెం పడేసేది. ఆయన ఉలిక్కిపడేవాడు. బావ చప్పట్లు కొట్టేవాడు. ఉలిక్కిపడేవాడు. వీధిలో సైకిలు బెల్లుకి కూడా తల తిరిగేది. ఆ చెవులు నిద్రపోవడం ఎరగని చెవులు. బావకి విసుగొచ్చి, "మావా, నువ్విలగైతే అందరం ములిగిపోతాం" అన్నాడు. నాన్న తప్పు చేసిన పిల్లాడిలా కూర్చున్నాడు. మొదట్లో మాకు నవ్వొచ్చేది. తర్వాత రాలేదు.

కొన్నాళ్ళకి ఒక పొద్దున్న అమ్మ పళ్ళెం పడేస్తే ఆయన కదల్లేదు. ఇంకోసారి పడేసింది. కదల్లేదు. అమ్మకి భయమేసి ముందుకెళ్ళి మొహం చూసింది. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఇనపడ్నేదేటి నిజంగాను?" అంది.

"బుర్రలో ఇంజను మొదలెట్టీసినాను" అన్నాడు నాన్న. "పుల్ స్పీడు మీద. అది తిరుగుతుంటే ఇంకేటీ ఇనపడదు."

బావ సంతోషంతో తొడ చరుచుకున్నాడు. అమ్మ వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు. ఆయనకి ప్రాణమైన ఆ చప్పుణ్ణే తెచ్చి ఆయన చెవులు మూయించాం. ఇంతకంటే పాపిష్టి పని మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

డాక్టరు రకరకాలుగా చూశాడట. అంతా అయిపోయింది, వెళ్ళమని చేత్తో సైగ చేసి, నాన్న గుమ్మం దాటుతుంటే వెనకనుంచి మామూలు గొంతుతో, "జేబులోంచి ఏదో పడింది చూసుకో" అన్నాడట. నాన్న ఆగలేదు, కిందికి చూడలేదు. అన్‌ఫిట్ అని రాసేశారు.

వెళ్ళిపోయే డ్రైవరుకి కంపెనీలో ఒక మర్యాద చేసేవారు. జెట్టీ మీద దండ వేస్తారు. ఆ మనిషి పనిచేసిన టగ్గు ఒక పొడుగాటి కూత వేస్తుంది. ఆయన అటు తిరిగి చెయ్యెత్తుతాడు. నాన్న విషయంలో కూత వద్దనుకున్నారు. చెవిటివాడికి కూతేమిటి? సారంగుకి కూడా చెప్పారు. కానీ ఆ సారంగూ మా నాన్నా ఒకే నావ మీద వయసంతా గడిపారు. ఒకడు పైన గంట కొడితే ఇంకొకడు కింద ఇంజను తిప్పాడు. ఆ మనిషి మనసు ఒప్పుకోలేదు. ఆఫీసర్లు దండ వేస్తుండగా కూత వేసేశాడు.

జెట్టీ మీద ఉన్న ప్రతి తలా అటు తిరిగింది. నాదీ తిరిగింది. నాన్న ఒక్కడే, మెడలో దండతో, ఆఫీసరు చొక్కా బొత్తాల వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను. కూత ఎంతసేపు వేశాడని, ఆ సారంగు, ఇక ఆపడేమో అనిపించింది. ఆఫీసరు మంచివాడు. జాలిపడి నాన్న భుజం మీద చెయ్యేసి, నీ నావ నిన్ను పిలుస్తోందయ్యా అన్నట్టు వేలు చూపించాడు. అప్పుడు తిరిగాడు నాన్న. తిరిగి చెయ్యెత్తేసరికి కూత ఆగిపోయింది.

ఆ ఉద్యోగంలో నేను చేరాను. అంతకుముందు చేసిన పనేమిటని అడిగారు, పెయింటర్ని అన్నాను. బాగుంది అని పెయింటింగ్ గ్యాంగులో వేశారు. అక్కడ పెయింటంటే ఏమిటో చేరాక తెలిసింది. టగ్గుల్నీ సరుకు మోసే బార్జీల్నీ మరమ్మతుకి డాక్‌లోకి ఎత్తినప్పుడు సుత్తెలు పట్టుకుని తుప్పు రాల్చాలి. రోజంతా అదే. రేకు మీద సుత్తి పడితే ఎముకలోకి దిగే చప్పుడు. రాల్చిన చోట ఎర్ర రంగు పుయ్యాలి. దాని మీద ఇంకెవరో ఇంకో రంగు పూస్తారు. నావ నీళ్ళలోకి దిగుతుంది, ఉప్పునీరు తింటుంది. మళ్ళీ ఏడాది అదే చోట, అదే సుత్తి. నేను చేసినదేదీ ఎవరికీ కనపడదు, నాకే కనపడదు. మొదటి జీతం తెస్తే అమ్మ దేవుడి దగ్గర పెట్టింది. నేను వేళ్ళు చూసుకున్నాను. సున్నా చుట్టే వేళ్ళు సుత్తి పట్టుకోవడానికి వంగిపోతున్నాయి.

ఆదివారాలు మాస్టారి షాపుకి పోయేవాణ్ణి. ఆయన బ్రష్షు చేతికిచ్చేవాడు. ఆ ఒక్కరోజు కోసం మిగతా ఆరు రోజులూ ఈడ్చేవాణ్ణి.

నాన్న ఇంట్లో కూర్చున్నాడు. మొదట్లో కూత వినపడగానే తల తిరిగేది. అరుగు మీద ఉంటే అమ్మ లోపల్నుంచి దగ్గేది, ఆయన సర్దుకునేవాడు. పోనుపోను అమ్మ దగ్గాల్సిన పని లేకపోయింది. అరుగు మానేసి లోపల గోడవైపు కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. చెవిటివాడితో ఎవడు మాట్లాడతాడు? భీమిలి నుంచి చుట్టాలొచ్చినా రెండు అరుపులు అరిచి, నమస్కారం పెట్టి, అమ్మతో మాట్లాడుకుని పోయేవారు. తలుపు వేశాక మేం ముగ్గురం గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళం. మా గోడలు ఒంటి ఇటుక గోడలు. పక్కింట్లో గ్లాసు పెట్టినా వినపడేది.

రోజూ నేను డ్యూటీ నుంచి రాగానే ఆయన తలుపు గెడ పెట్టి, నా పక్కకి జరిగి అడిగేవాడు. "ఎలగుంది దాని గొంతు?"

నేను తుప్పు రాల్చేవాణ్ణి, ఇంజను సంగతి నాకేం తెలుసు? అయినా, "బాగుంది నాన్నా" అనేవాణ్ణి. ఒక్కోరోజు, "పొద్దున్న కొంచెం దగ్గింది" అనేవాణ్ణి. అప్పుడు ఆయన కళ్ళలో వెలుగొచ్చేది. ఎక్కడ, ఎలా, ఆగి ఆగి దగ్గిందా, గుక్క తిప్పుకోకుండానా అని గుసగుసగా అడిగేవాడు. నాకు తోచింది చెప్పేవాణ్ణి. ఆ నాలుగు మాటలే ఆయనకి మిగిలిన ఉద్యోగం.

ఎనభైలు వచ్చాయి. ఊరు అటు గాజువాక వైపు పరుగెత్తింది. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నారు, కాంట్రాక్టర్లు దిగారు, మాస్టారికి చేతినిండా బోర్డులు. ఫ్యాక్టరీ సైటు నుంచి కూడా పనులొచ్చాయి, దారి బోర్డులు, అపాయం బోర్డులు. సరిగ్గా అప్పుడే ఆయన చెయ్యి వణకడం మొదలైంది. ఒక ఆదివారం బ్రష్షు కింద పెట్టి, "అబ్బాయ్, ఇది నువ్వు తీసుకో. నాకు పిల్లల్లేరు. నువ్వు నడుపు. నాకు ఆ మూల కుర్చీ ఒకటి ఉంచు, చూస్తూ కూర్చుంటాను" అన్నాడు. "ఆదివారప్పని కాదు సుమా. ఆ ఉద్యోగం మానేసి రావాలి. ఆలోచించుకుని దసరాలోపు చెప్పు."

ఆలోచించడానికేముంది? ఆ క్షణమే వచ్చేద్దామనిపించింది. అప్పటికి నాకు పెళ్ళయింది, ఒక పాప. మా ఆవిడ మంచి మాటే అంది. "మీరు రోజూ మొహం వేలాడేసుకుని వత్తారు, ఆదివారం ఒక్కటే మనిషిలాగుంటారు. ఎల్లండి. గానీ మావయ్యగారికి ముందు సెప్పండి" అంది.

ముందు బావకి తెలిసింది. ఎలా తెలిసిందో గాని ఇంటికొచ్చి, తలుపు గెడ పెట్టి, గొంతు తగ్గించే విరుచుకుపడ్డాడు. నాన్న గుడికెళ్ళాడు అప్పుడు.

"పెర్మనెంటు ఉజ్జోగం ఒగ్గీసి రేకులు గీత్తావేటి? ఆ ముసలాయన దేనికి సెవిటోడైనాడురా?"

"ఓపిక లేక అన్నావు కదా" అన్నాను.

"ఓపిక నేకేటి, ఆయనా? ఇంకో పదేళ్ళు సేసీవోడు. నీ కోసం ఒప్పుకున్నాడు. గుంటడికి ఆ రంగుల మీద మనసిరిగిపోనాది, అడగడానికి సిగ్గుపడతన్నాడని మావతో నాను సెప్పబట్టి ఒప్పుకున్నాడు."

నేను లేచి నిలబడ్డాను. "నా మనసు విరిగిందని నీతో ఎవరన్నారు?"

బావ మెల్లిగా, "ఇరిగే ఉంటాదనుకున్నాను" అన్నాడు. "మావకీ ఓపిక నేదనే అనుకున్నాను అప్పుడు."

అబద్ధమాడినా బాగుండేది, నాలుగు తిట్టేవాణ్ణి. ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. ఏం తిట్టను? నాన్న నా కోసం తన ఇంజను వదులుకున్నాడు. నేను నాన్న కోసం నా అక్షరాలు వదులుకున్నాను. మధ్యలో ఆ ఉద్యోగం ఎవరికీ అక్కర్లేకుండా మా ఇంట్లోకొచ్చి కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం అమ్మా మా ఆవిడా పాపని తీసుకుని అప్ప ఇంటికెళ్ళారు. నాన్న గోడవైపు తిరిగి కూర్చుని వక్క కత్తిరించుకుంటున్నాడు. నేను తలుపు గెడ పెట్టి పక్కన కూర్చున్నాను. గొంతు తగ్గించి, ఎప్పుడూ మాట్లాడుకునేట్టే చెప్పాను.

"నాన్నా, అప్పుడు నీకు పని మానెయ్యాలని లేదట కదా. నాకూ ఆ ఉద్యోగం వద్దు. నీకు ఓపిక లేదంటే ఒప్పుకున్నాను."

వక్క కత్తిరించే చెయ్యి ఆగింది. విన్నాడు. నా కళ్ళతో చూశాను.

"మాస్టారు షాపు ఇస్తానంటున్నారు. ఈ పని మానేస్తాను నాన్నా. నావల్ల కావట్లేదు."

ఆయన నెమ్మదిగా నా వైపు తిరిగాడు. వీధిలోవాళ్ళతో చేసినట్టే నా పెదాల మీద చూపు పెట్టాడు. అరచెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు.

"ఏటి? గట్టిగా సెప్పు" అన్నాడు.

నవ్వులాటకి అనుకున్నాను. "నాన్నా, ఎవరూ లేరు, తలుపేసుంది" అన్నాను.

"ఇనపళ్ళేదు. గట్టిగా సెప్పు."

గట్టిగా ఎలా చెప్పను? ఒంటి ఇటుక గోడలు. అప్పుడు నీకు పని మానాలని లేదట కదా అని అరవనా? నువ్వు చెవిటివాడివి కావు కదా అని వీధి వీధంతా వినేట్టు అరవనా? అది అరిచి చెప్పే మాట కాదని ఆయనకి తెలుసు. తెలిసే అడిగాడు. నాకు ఆయన్ని భుజాలు పట్టుకుని ఊపెయ్యాలన్నంత కోపం వచ్చింది. ఆ కోపం పూర్తిగా రాకముందే అర్థమైంది. ఈ మాట వింటే, ఆయన చేసిందంతా ఉత్తదే అని వినాలి. జెట్టీ మీద అలా నిలబడ్డదీ, గోడవైపు తిరిగి కూర్చున్న ఇన్నేళ్ళూ, అన్నీ ఉత్తవే అని వినాలి. దానికంటే చెవుడు నయం అనుకున్నాడు.

కింద రేవులో ఏదో టగ్గు కూత వేసింది. నా తల తిరిగింది. ఆయనది తిరగలేదు. వక్క మళ్ళీ కత్తిరించుకోవడం మొదలెట్టాడు.

దసరా ముందు ఆదివారం మాస్టారికి రాలేనని చెప్పాను. ఎందుకని అడగలేదు. షాపు ఇంకొకతనికి ఇచ్చారు. అతని చెయ్యి మంచిదే, చెప్పుకోడానికేమీ లేదు. నేను ఆదివారాలు అటు వెళ్ళడం మానేశాను. వెళ్ళి ఆ కుర్చీలో ఆయన్ని చూడలేకపోయాను.

ఆ మధ్యాహ్నం తర్వాత నాన్న నన్ను ఇంజను గొంతు గురించి అడగలేదు. నేనే తలుపేసి, దగ్గరికి జరిగి, "ఈరోజు బాగుంది నాన్నా" అని చూసేవాణ్ణి. చెవి వెనక చెయ్యి పెట్టుకునేవాడు. అమ్మతో మాత్రం గుసగుసలాడేవాడు. తను పోయేదాకా నా దగ్గర చెవిటివాడిగానే ఉన్నాడు.

ఎనభైలు అయిపోవస్తుండగా గుండె జబ్బు చేసి కంపెనీ ఆసుపత్రిలో పెట్టాం. ఊపిరి బరువుగా తీస్తున్నాడు గానీ తెలివిగానే ఉన్నాడు. డాక్టరు కొత్తవాడు, చిన్నవాడు. మంచం పక్కన నిలబడి కాగితాలు చూస్తూ, "ఈయనకి వినపడుతుందా?" అని నన్నడిగాడు. చుట్టూ అందరూ కంపెనీ మనుషులే, పక్క మంచాల మీద మా వీధివాళ్ళే. నా ఒంటి మీద డ్యూటీ బట్టలు, గోళ్ళలో ఎర్ర రంగు.

"లేదండి, పూర్తిగా చెవుడు" అన్నాను.

అయితే ఇక్కడే మాట్లాడుకోవచ్చు అనుకున్నాడు పాపం ఆ కుర్రాడు. గొంతు తగ్గించే పని లేదనుకున్నాడు. గుండె చాలావరకు పాడైపోయిందనీ, చేసేదేమీ లేదనీ, తెల్లారేదాకా ఉంటే గొప్పనీ, రావలసినవాళ్ళకి కబురు పెట్టుకోమనీ, నాన్న తలాపున నిలబడి వివరంగా, నిదానంగా చెప్పాడు. నేను ఆపలేకపోయాను. ఏమని ఆపను?

నాన్న కళ్ళు తెరిచే ఉన్నాయి, పైకప్పు వైపు చూస్తున్నాయి. మొహంలో ఏమీ కదల్లేదు. బుర్రలో ఇంజను మొదలెట్టుకున్నాడో, అంతా విన్నాడో, నాకు తెలియదు.